ఉద్దానంలో కాలేజీ చదువు: తరగతి గదీ, ఆఫీసు గదీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంత చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. మందస రైతుల పోరాటం గురించి, శ్రీముఖలింగం ఆలయాల గురించి నాకంటె బాగా తెలిసినవారు మన సభ్యుల్లో ఉన్నారు. అందుచేత నాకు స్వయంగా తెలిసిన సంగతినే ఎంచుకున్నాను. ఉద్దానం పల్లెల పిల్లలకు కాలేజీ చదువు ఎలా అందింది, అందులో పాఠం చెప్పినవారి పాత్ర ఎంత, కాగితం నడిపినవారి పాత్ర ఎంత అన్నదే ఈ వ్యాసం.

నేను 1971 నుంచి 1976 వరకు ఈ ప్రాంతంలోని ఒక చిన్న ప్రభుత్వ కాలేజీలో చదువుకున్నాను. 1978లో విద్యాశాఖలో గుమాస్తాగా చేరి 2013లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. అంటే అయిదేళ్ళు ఆఫీసు బల్లకు ఇవతల నిలబడ్డాను, ముప్పై అయిదేళ్ళు అవతల కూర్చున్నాను. కాలేజీల స్వర్ణోత్సవ సంచికలు చాలా చూశాను. వాటిలో ప్రిన్సిపాళ్ళ ఫొటోలు, శంకుస్థాపన చేసిన మంత్రుల పేర్లు ఉంటాయి. ఆఫీసు గది గురించి ఒక్క పేరా కూడా ఉండదు. కాని బీద విద్యార్థి చదువు సాగుతుందా, మధ్యలో ఆగిపోతుందా అన్నది చాలాసార్లు ఆ గదిలోనే తేలేది. మంచితోపాటు చెడు కూడా చెప్పవలసి ఉంది గనుక మా కాలేజీ పేరు, అందులోని వ్యక్తుల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

పర్లాకిమిడి రోజులు

ఉద్దానం అనే మాట ఉద్యానవనం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పొడవునా కొబ్బరి, జీడి, పనస తోటలు. చెట్లకు లోటు లేదు గాని, కాలేజీకి మాత్రం చాలాకాలం మన ప్రాంతం నోచుకోలేదు. 1936 వరకు మనం గంజాం జిల్లాలో ఉన్నాం. పెద్ద చదువు కావాలంటే ఉత్తరాన బరంపురం పోవాలి, లేదా దక్షిణాన విజయనగరం మహారాజా వారి కాలేజీకి పోవాలి. 1857లో బడిగా మొదలైన విజయనగరం సంస్థ 1879లో కాలేజీ అయింది. దగ్గరలో ఉన్నది పర్లాకిమిడి ఒక్కటే.

పర్లాకిమిడి రాజావారి పాఠశాల 1896 ప్రాంతంలో కాలేజీ అయింది. 1900లో నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే ఈ బండిని రాజావారే వేయించారు. 1931లో ఈ లైను గుణుపురం దాకా సాగింది. మన పెద్దలలో పర్లాకిమిడిలో చదివినవారందరూ పెద్ద లైను మీద నౌపడాలో దిగి, ఉప్పు మళ్ళు చూసుకుంటూ ఈ చిన్న బండి ఎక్కినవారే. 2004లో ఆ చిన్న బండిని ఆపి, లైనును బ్రాడ్‌గేజిగా మార్చారు.

ఈ పర్లాకిమిడి కాలేజీలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేశారు. వారిని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా అందరూ ఎరుగుదురు. వారి పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. కాని చిన్న కాలేజీ చదువు విషయంలో కూడా వారి జీవితం తెలుసుకోదగినది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో మెట్రిక్యులేషన్ పాసై, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. కాలేజీలో కూర్చుని చదివే అవకాశం వారికి లేకపోయింది. బడిలో పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తరువాత చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పాసయ్యారు. బడి కాలేజీ అయినప్పుడు కాలేజీ తరగతులకు పాఠం చెప్పే అర్హత అలా సంపాదించుకున్నారు.

చరిత్ర పాఠం చెప్పేవాడు పక్కనే ఉన్న ముఖలింగం శాసనాలు చదవలేకపోతే ఎలా అని, నేర్పే గురువు లేకపోయినా పుస్తకాలు తెప్పించుకుని ప్రాచీన లిపులు సొంతంగా నేర్చుకున్నారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1931లో అచ్చయిన సవర భాషా వ్యాకరణం ఆ కృషి ఫలితమే.

వ్యావహారిక భాషోద్యమానికి ఒక తనిఖీ అధికారి ప్రశ్న కూడా కారణమని మనవంటి ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. 1907లో ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ గారికి తెలుగు పాఠాలు చెప్పే తీరులో ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని ఆయన అడిగారు. ఆ ప్రశ్నను పట్టించుకున్నవారిలో గురజాడ అప్పారావు గారు, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, రామమూర్తి పంతులు గారు ముఖ్యులు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లు చూసి సంతకం పెట్టి వెళ్ళిపోయి ఉంటే ఆ కథ వేరుగా ఉండేది.

సరిహద్దు మారిన తరువాత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళింది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి విభజన నచ్చని రామమూర్తి గారు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఈ సరిహద్దు గీత వల్ల మన విద్యార్థులకు ఒక చిక్కు వచ్చింది. చిన్న రైలు ఎప్పటిలాగే నడుస్తున్నది, కాలేజీ అక్కడే ఉన్నది, కాని రాష్ట్రం వేరయింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మనది. ఒరిస్సా వారికి 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకొక విశ్వవిద్యాలయానికి మారాలంటే మైగ్రేషన్ సర్టిఫికెట్టు, ఎలిజిబిలిటీ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఫీజు రాయితీలు, స్కాలర్‌షిప్పులు రాష్ట్రం దాటితే వర్తించవు. పాతిక మైళ్ళ దూరంలో కాలేజీని పెట్టుకుని మనవాళ్ళు విజయనగరానికి, విశాఖపట్నానికి పోవలసి వచ్చింది. అక్కడ గది అద్దె, హోటలు భోజనం ఖర్చు భరించగలవారు జిరాయితీ ఉన్న రైతుల పిల్లలు, ఉద్యోగుల పిల్లలు మాత్రమే.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన తరువాత కాలేజీలు క్రమంగా దగ్గరకు వచ్చాయి. అసలు మార్పు 1970 ముందు వెనుకల మూడు నిర్ణయాల వల్ల వచ్చింది. మొదటిది, 1969-70లో పి.యు.సి. స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ రావడం. రెండవది, 1968 ఆగస్టులో తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ తరగతులకు తెలుగులో పుస్తకాలు తయారు కావడం. మూడవది, అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద 1970 సెప్టెంబరులో ప్రభుత్వం వెనుకబడిన తరగతులకు 25 శాతం రిజర్వేషన్ ఇవ్వడం. ఆ ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసినా 1972లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్దానంలో మత్స్యకారులు, చేనేతవారు, చిన్న రైతులు ఎక్కువ. ఆ కుటుంబాల పిల్లలు మొదటిసారిగా పెద్ద సంఖ్యలో కాలేజీ గడప తొక్కింది అప్పుడే. వారిలో నేనొకడిని.

మా కాలేజీ, మా లెక్చరర్లు

1971 జూలైలో నేను ఇంటర్మీడియట్‌లో చేరాను. మా కాలేజీ అంటే రెండు పెంకుటి షెడ్లు, ఒక రేకుల షెడ్డు, చుట్టూ జీడి తోట. ఇంటర్, డిగ్రీ ఒకే ప్రాంగణంలో నడిచేవి. నా తరగతిలో ఆడపిల్లలు నలుగురే. వారికి ముందు బెంచీ కేటాయించారు. సైన్సు ల్యాబులో కెమికల్ బ్యాలెన్సు ఒక్కటే ఉండేదని, దాని దగ్గర వంతుకోసం నిలబడేవాళ్ళమని సైన్సు మిత్రులు ఇప్పటికీ చెబుతారు.

మా ఊరి నుంచి కాలేజీకి ఆరు మైళ్ళు. సైకిళ్ళు కొనే స్తోమత అందరికీ లేదు గనుక ఇద్దరు ముగ్గురం ఒక సైకిలు మీద వెళ్ళేవాళ్ళం. వానాకాలం ఇసుక దారి బాగానే ఉండేది గాని గెడ్డలు పొంగితే ఆ రోజు కాలేజీ లేనట్టే. ఆ రోజు హాజరు కూడా పోయేది. నూటికి డెబ్బై అయిదు రోజుల హాజరు లేకపోతే కండొనేషన్ ఫీజు కట్టాలి. ఇంకా తగ్గితే పరీక్షకు పంపరు.

మా లెక్చరర్లలో ఎక్కువమంది వాల్తేరులో ఇంగ్లీషులో చదివి వచ్చినవారు. తెలుగులో పాఠం చెప్పడం వారికీ కొత్తే. అకాడమీ పుస్తకంలోని ఉపాంత ప్రయోజనం, ఉదాసీనతా వక్రరేఖ వంటి మాటలు చూసి మేము బెదిరిపోయేవాళ్ళం. మా ఆర్థికశాస్త్రం మాస్టారు మొదటి వారం ఆ పుస్తకం తెరవలేదు. "ఆకలితో ఉన్నవాడికి మొదటి పనస తొన ఎంత రుచి? పదో తొన ఎంత రుచి? పదిహేనో తొన పెడితే ఏమంటాడు?" అని అడిగారు. "ఒద్దు బాబూ అంటాడు" అని వెనుక బెంచీ నుంచి ఎవరో అన్నారు. "అదే క్షీణోపాంత ప్రయోజనం. రాసుకోండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు పనస తొనతోనే గుర్తుంది.

చరిత్ర మాస్టారు డిగ్రీ రెండో సంవత్సరంలో మమ్మల్ని శ్రీముఖలింగం తీసుకువెళ్ళారు. కాలేజీ నిధుల్లో దానికి పద్దు లేదు. మనిషికి రెండు రూపాయలు వేసుకున్నాం, మిగిలినది ఆయన పెట్టుకున్నారు. వంశధార ఒడ్డున దిగి, మధుకేశ్వర ఆలయం చుట్టూ తిరుగుతూ గోడల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాలు చూపించారు. ఇది తూర్పు గాంగుల కళింగనగరమని, వారి దానాల లెక్కలన్నీ ఈ రాళ్ళ మీద ఉన్నాయని చెప్పారు. రామమూర్తి పంతులు గారు గురువు లేకుండా ఈ లిపి నేర్చుకున్న సంగతి నేను మొదట విన్నది అక్కడే. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ రోజున ఇచ్చారు అన్న నాలుగు వివరాలు శాసనంలో తప్పకుండా వెతకాలని ఆయన చెప్పారు. తరువాత నేను ముప్పై అయిదేళ్ళు చేసిన పని కూడా ఆ నాలుగు వివరాలు సరిచూడడమే.

లోపాలు లేవని కాదు. కొన్ని సబ్జెక్టులకు నెలల తరబడి లెక్చరరు ఉండేవారు కారు. బదిలీ మీద వచ్చినవారు వారం తిరగకుండా విశాఖపట్నం వైపు పోస్టింగు వేయించుకునేవారు. ఇంగ్లీషు పాఠం ఒక ఏడాది దసరా తరువాతగాని మొదలు కాలేదు. నోట్సు చెప్పి రాయించడమే పాఠంగా భావించినవారూ ఉన్నారు. చిన్న కాలేజీలో ఒక్క లెక్చరరు సెలవు పెడితే ఒక సబ్జెక్టే ఆగిపోతుంది. పెద్ద ఊళ్ళలో ఆ ఇబ్బంది కనిపించదు.

ఆఫీసు గది

ఆఫీసులో ఒక హెడ్ గుమాస్తా, ఇద్దరు గుమాస్తాలు, ఒక అటెండరు. ఈ నలుగురే దాదాపు మూడువందలమంది విద్యార్థుల చేరికలు, ఫీజులు, హాజరు లెక్కలు, నామినల్ రోల్సు, హాల్ టిక్కెట్లు, స్కాలర్‌షిప్పులు, స్టాఫు జీతాల బిల్లులు అన్నీ చూసేవారు. టైపు మిషను ఒకటే. కార్బన్ కాగితం మూడోసారి వాడేవారు.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి స్కాలర్‌షిప్పులు 1944లోనే మొదలయ్యాయి. తరువాత షెడ్యూల్డు తెగలకు, వెనుకబడిన తరగతులకు వచ్చాయి. మా తరగతిలో సగంమంది వాటి మీద ఆధారపడినవారే. దరఖాస్తుకు కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాలి. కరణం, మునసబు ఉన్న రోజులవి. వారి రిపోర్టు మీద తాలూకా ఆఫీసులో సంతకం కావాలి. తండ్రికి రెండు రోజుల కూలి పోయేది. ఒక్కొక్కప్పుడు తండ్రులే కాలేజీకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "మా గుంటడి డబ్బులు ఒచ్చినాయేటి బాబూ?" అని అడిగేవారు.

1971-72లో మా బ్యాచి స్కాలర్‌షిప్పు బిల్లు ఒక ఆఫీసు నుంచి అభ్యంతరంతో తిరిగి వచ్చింది. జాబితా చివర మొత్తం అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి పడిందట. అయిదు నిమిషాల్లో సరిదిద్ది పంపవలసిన పని. కాని ఆ బిల్లు వెనక్కి చేరేసరికే మార్చి నెలాఖరు వచ్చేసింది. మార్చి 31తో బడ్జెటు లాప్సు అయింది. మళ్ళీ కొత్త సంవత్సరంలో మంజూరు రావాలి. ఆ తప్పు ఎవరిదని ఎవరూ విచారించలేదు. డబ్బు చివరకు వచ్చింది, కాని తొమ్మిది నెలలు ఆలస్యంగా వచ్చింది.

నా పక్కన కూర్చునే మిత్రుడు ఆ తొమ్మిది నెలలు ఆగలేకపోయాడు. తండ్రి కొబ్బరి దింపు పనికి పోయేవాడు. లెక్కల్లో తరగతికి మొదటివాడు గనుక వాణిజ్యశాస్త్రం మాస్టారికి వాడంటే ఇష్టం. 1972 వేసవిలో ఖరగ్‌పూర్‌లో ఉన్న మేనమామ దగ్గరకు పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన ప్రాంతంవారు మొదటి నుంచీ ఉన్నారు గనుక ఆ దారి మనవాళ్ళకు తెలిసినదే. వాడు టి.సి. కూడా తీసుకోలేదు. పాఠం చెప్పేవారి లోపం వల్ల వాడి చదువు ఆగలేదు. అంకెకు, అక్షరానికి మధ్య తేడా వచ్చి ఆగింది.

ఆ దెబ్బతో మా హెడ్ గుమాస్తా గారు పద్ధతి మార్చారు. మరుసటి సంవత్సరం జూలైలోనే దరఖాస్తులు తీసుకున్నారు. విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రతి గడి తానే చదివి వినిపించేవారు. "ఏరా బాబూ, సర్టిఫికెట్టు మీద తేదీ ఏదీ? ఇది పనికిరాదు. ఈ రోజే వెళ్ళి వేయించుకురా" అని పంపించేవారు. ఆయన కేకలకు మేము భయపడేవాళ్ళం. బిల్లు మొత్తాన్ని ఒకరు చదువుతుంటే ఇంకొకరు కూడేవారు. డబ్బు వచ్చిన రోజున అక్విటెన్సు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టించుకుని, చేతిలో నోట్లు పెట్టి "లెక్క చూసుకో" అనేవారు. నా డిగ్రీ పరీక్ష ఫీజు అలా వచ్చిన డబ్బుతోనే కట్టాను.

జై ఆంధ్ర సంవత్సరం

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దానితో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి. డిసెంబరులో ఎన్జీవోల సమ్మె మొదలై నెలల తరబడి సాగింది. మన సభ్యుల్లో ఆ సమ్మెలో పాల్గొని జీతం లేక అప్పులతో ఇల్లు గడిపినవారు ఉన్నారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. మా ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు వాయిదా పడ్డాయి.

ఉద్యమం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. చిన్న కాలేజీ విద్యార్థికి ఏమి జరిగిందో మాత్రం చెబుతాను. అంతకు రెండు మూడేళ్ళ ముందే, 1968-70 మధ్య, శ్రీకాకుళం సాయుధ పోరాటం, పోలీసు గాలింపులతో ఉద్దానం పల్లెలు నలిగిపోయాయి. కుర్రవాళ్ళను బయటకు పంపడానికే తల్లిదండ్రులు భయపడే రోజులు. అప్పుడే కాస్త తెరిపిన పడి కాలేజీకి పంపితే, ఆ కాలేజీ కూడా మూతపడింది. కొందరు ఆడపిల్లలకు ఆ సెలవుల్లోనే పెళ్ళిళ్ళు అయిపోయాయి. నా తరగతిలోని నలుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. మగపిల్లలు జీడిపిక్కల బట్టీల్లో, రొయ్యల వేటలో పనికి కుదిరారు. మా ఆర్థికశాస్త్రం మాస్టారు తాను అద్దెకున్న ఇంటి అరుగు మీద సాయంత్రాలు పాఠం చెప్పారు. వచ్చినవాళ్ళం ఎనిమిదిమందిమి. ఎనిమిదిమందిమీ పాసయ్యాం.

బల్లకు అవతల

ఉద్యోగంలో చేరిన తరువాత ఆఫీసు కష్టం కూడా అర్థమయింది. విద్యార్థికి కనిపించేది కిటికీ వెనుక గుమాస్తా ఒక్కడే. ఆయన వెనుక మంజూరు ఉత్తర్వు, బడ్జెటు కేటాయింపు, ట్రెజరీ టోకెను, ఆడిటు అభ్యంతరం, బ్యాంకు చెక్కు వరుసగా ఉంటాయి. ఒక్కచోట ఆగితే అన్నీ ఆగుతాయి. కిటికీ దగ్గరవాడు తిట్లు తింటాడు. అయినా ఒక తేడా ఉంది. బిల్లు తిరిగి వచ్చిన రోజునే సరిచేసి పంపేవాడు ఒకడు, సోమవారం చూద్దామనేవాడు ఇంకొకడు. నిబంధనలు ఇద్దరికీ ఒకటే. విద్యార్థికి మాత్రం ఆ తేడా ఒక సంవత్సరం చదువు.

మా హెడ్ గుమాస్తా గారి ఉద్యోగ విరమణ మనలో చాలామందికి గుర్తున్న రోజునే జరిగింది. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కి తగ్గించింది. ఫిబ్రవరి 28న వేలాదిమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్ళారు. ఆయనకు అప్పటికి 56 ఏళ్ళు. కూతురు పెళ్ళి కాలేదు. అంత హడావుడిలోనూ రాత్రి తొమ్మిది గంటలదాకా కూర్చుని, బీరువాల్లో ఏ అరలో ఏ రిజిస్టరు ఉన్నదో చార్జి లిస్టు రాసి అప్పగించి వెళ్ళారని తరువాత అక్కడ పనిచేసినవారు చెప్పారు. వీడ్కోలు సభ జరగలేదు.

ఒక కవరు కథ

నా మిత్రుడు ఖరగ్‌పూర్‌లో కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసి, ముసలితనంలో ఊరు చేరాడు. 2019లో నా దగ్గరకు వచ్చాడు. ఆధార్ కార్డులో వాడి వయస్సు ఏడేళ్ళు తక్కువ పడింది. దానివల్ల పింఛను రావడం లేదు. రుజువు అడుగుతున్నారు. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్టు కాలేజీలో చేరినప్పుడు ఇచ్చాడు, తిరిగి తీసుకోలేదు.

ఇద్దరం కాలేజీకి వెళ్ళాం. పెంకుటి షెడ్లు పోయి డాబాలు వచ్చాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రికార్డు గదిలోకి నీళ్ళు చేరి కింది అరల్లోని కట్టలు తడిసిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయిన తుఫాను అది. తడిసిన రిజిస్టర్ల కాగితాలు అట్టలుగా అంటుకుపోయి ఉన్నాయి. ఆ సంవత్సరాల విద్యార్థులు వస్తే ఏమి చెప్పాలో తెలియడం లేదని అక్కడి జూనియర్ అసిస్టెంటు అమ్మాయి బాధపడింది.

పై అరలో పాత చేరికల రిజిస్టర్లు పొడిగా ఉన్నాయి. 1971 రిజిస్టరులో వాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ హెడ్ గుమాస్తా గారి గుండ్రటి అక్షరాల్లో దొరికాయి. రిమార్కుల గడిలో "టి.సి. తీసుకోలేదు, సర్టిఫికెట్టు కవరు నం. 14లో" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ అమ్మాయి ఓపికగా వెతికితే గుడ్డతో కట్టిన మూటలో పధ్నాలుగో కవరు బయటపడింది. అందులో సర్టిఫికెట్టుతోపాటు ఇంకొక కాగితం ఉంది. 1972-73లో ఆలస్యంగా వచ్చిన స్కాలర్‌షిప్పును, విద్యార్థి హాజరు కానందున చలానా ద్వారా ప్రభుత్వానికి తిరిగి జమ చేసినట్లు రాసిన నకలు అది. మిత్రుడు ఆ చలానా చాలాసేపు చూశాడు. "నా డబ్బులు ఒచ్చినాయన్నమాట" అన్నాడు.

సర్టిఫికెట్టుతో ఆధార్ సవరణ జరిగింది. పింఛను మంజూరయింది.

మనం చేయగలిగింది

ఇప్పుడు మన పిల్లలకు కాలేజీ దూరం కాదు. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పి.జి. సెంటరు వచ్చింది. 2008లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. దరఖాస్తులు ఆన్‌లైనులో నడుస్తున్నాయి, అక్విటెన్సు సంతకాలు పోయి వేలిముద్రలు వచ్చాయి. అయినా ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఆపిన వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా పడితే దరఖాస్తు ఆగిపోతున్నది. వెనుక అంకెల్లో, అక్షరాల్లో వచ్చిన తేడాయే ఇప్పుడు కంప్యూటరు తెర మీద వస్తున్నది. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో తండ్రి మంచాన పడిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలకు ఒక ఏడాది ఆలస్యం అంటే చదువు మానడమే.

అందుచేత సంఘ సభ్యులకు మూడు విషయాలు మనవి చేస్తున్నాను. మొదటిది, మనం పనిచేసిన కాలేజీల్లో పాత చేరికల రిజిస్టర్లు ఏ స్థితిలో ఉన్నాయో ప్రిన్సిపాల్ గారి అనుమతితో చూసి, వాటిని ఫొటోలు తీయించి భద్రపరచడానికి సహాయపడాలి. రెండవది, తీసుకోకుండా మిగిలిపోయిన సర్టిఫికెట్ల జాబితా తయారుచేసి, ఊళ్ళవారీగా కబురు పంపాలి. వారిలో కొందరైనా ఇంకా బ్రతికి ఉంటారు. మూడవది, ప్రతి జూలై, ఆగస్టు నెలల్లో వారానికి ఒక పూట దగ్గరలోని కాలేజీకి వెళ్ళి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు సరిచూసి పెట్టాలి. బిల్లు ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా ఆ పిల్లలకు తెలియదు.

ఇందులో మొదటి పనికి ఇద్దరు మిత్రులు ఇప్పటికే ఒప్పుకున్నారు. తక్కినవారు తమ పేర్లు, తాము పనిచేసిన కాలేజీల పేర్లు సంఘం కార్యదర్శి గారికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.